పరదేశములో పెరిగిన బాలుడు

ధ్యానమునకు: ద్వితీయోపదేశకాండము 10:17–19, హెబ్రీయులకు 11:8–16

మందస రోడ్డు స్టేషనులో గాని పలాస స్టేషనులో గాని ఒక సాయంకాలము నిలిచి చూచినవారికి మేము చెప్పబోవు సంగతి క్రొత్తది కాదు. తల్లి కట్టి యిచ్చిన అటుకుల మూట, నాలుగు కొబ్బరికాయలు, ఒక బట్టల సంచి పట్టుకొని మన పడుచువారు రైలెక్కుచుందురు. ఒకడు ఖరగ్‌పూరునకు, ఒకడు విశాఖపట్టణమునకు, ఒకడు గుజరాతులోని వేరావలు రేవున పడవల పనికి. మన తాతల దినములలో రంగూను పోయినవారు అనేకులు. 1942లో జపాను సేనలు ఆ పట్టణమును పట్టుకొన్నప్పుడు వారిలో ఎందరో అడవుల వెంబడి కాలినడకను తిరిగి వచ్చిరి, ఎందరో రానేలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానములోని కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలగూల్చినప్పుడు, పొట్టకూటికై ఊరు విడుచు తలంపు మరల మన యిండ్లలోనికి వచ్చెను.

పెద్దవారు పరస్థలమునకు పోవుట ఒక సంగతి. పిల్లవాడు పోవుట వేరొక సంగతి. పెద్దవాడు తన ఊరిని మనస్సులో పెట్టుకొని పోవును. పిల్లవాని మనస్సు ఇంకను కట్టబడుచున్న యిల్లు వంటిది. అందులో సగము ఇక్కడి మట్టితోను, సగము అక్కడి మట్టితోను కట్టబడును. అట్టి పిల్లవాడు ఎవరివాడు? ఏ భాషలో ప్రార్థించును? ఏ సంఘము అతనిని తనవాడని లెక్కించును? తలిదండ్రులు ఈ ప్రశ్నలు అడుగకపోయినను రాత్రివేళ వారి గుండెలలో ఇవి మెదలుచునే యుండును.

అందుచేత ఈ నెల అట్టి బాలుడొకని జీవితమును మన సంఘముల యెదుట పెట్టదలచితిమి. ఆయన గుంటూరు, రాజమహేంద్రవరము ప్రాంతముల లూథరన్ సంఘములవారు ఫాదర్ హయ్యర్ అని ప్రేమతో పిలుచుకొను జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ అయ్యగారు. మన ఉత్తర తీరమునకు సువార్తను తెచ్చినవారు వేరే మిషనులవారైనను, తెలుగువారందరును ఈయనకు ఋణపడియున్నారు. ఆయన అమెరికానుండి గుంటూరునకు వచ్చిన సంగతి అనేకులు ఎరుగుదురు గాని, ఆ అమెరికాకే ఆయన పదునాలుగేండ్ల ప్రాయములో పరదేశిగా వచ్చిన బాలుడని ఎరిగినవారు కొద్దిమందియే.

హయ్యర్ 1793వ సంవత్సరము జూలై 10వ తేదీన జర్మనీ దేశమందలి హెల్మ్‌స్టెట్ అను పట్టణములో పుట్టెను. ఆ పట్టణము చిన్నదైనను అచ్చట పేరుపొందిన విశ్వవిద్యాలయ ముండెను. బాలుడు పెరుగుచుండగా నెపోలియను యుద్ధములు వచ్చెను. 1806లో ఫ్రెంచి సైన్యములు ఆ ప్రాంతమును జయించెను. ఆ దేశపు ప్రభువు యుద్ధములో గాయపడి మృతినొందెను. విశ్వవిద్యాలయము కూడ కొద్ది సంవత్సరములలో, అనగా 1810లో, మూయబడెను. ఎదుగుచున్న మగపిల్లలు గల తలిదండ్రులకు అట్టి కాలములో నిద్ర పట్టునా? బాలుని మేనమామ సముద్రమునకు ఆవల అమెరికాలోని ఫిలడెల్ఫియా పట్టణములో టోపీలు, బొచ్చు చర్మపు వస్తువులు చేయు వ్యాపారములో నుండెను. కుమారుని ఆయన యొద్దకు పంపుటకు తలిదండ్రులు నిశ్చయించుకొనిరి.

ఇక్కడ ఒక చిన్న సంగతిని మన తలిదండ్రులు గమనింపవలెను. ఓడ యెక్కకముందు, అదే 1807వ సంవత్సరములో, ఆ బాలుడు తన ఊరి పరిశుద్ధ స్తెఫను దేవాలయములో నిలువబడి తన విశ్వాసమును ఒప్పుకొని సంఘ సహవాసములో స్థిరపరచబడెను. దానికి ముందు అక్కడి రీతి చొప్పున పది ఆజ్ఞలను, విశ్వాసప్రమాణమును, ప్రభువు ప్రార్థనను నేర్చుకొని, అర్థము చెప్పగలవాడై యుండవలెను. అతని పెట్టెలో ఏమేమి బట్టలు పెట్టిరో మనకు తెలియదు. హృదయములో ఏమి పెట్టి పంపిరో మాత్రము తెలియును.

పదునాలుగేండ్ల పిల్లవాడు తల్లిని విడిచి, తెరచాపల ఓడలో అట్లాంటిక్ మహాసముద్రము దాటెను. ఆ దినములలో అట్టి ప్రయాణమునకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టెడివి. ఉత్తరము వ్రాసిన జవాబు వచ్చుటకు మరిన్ని నెలలు. ఈ దినమున మన బిడ్డ వేరావలునుండి రాత్రి ఫోనులో మాటలాడును. అయినను తల్లి కన్నీరు ఆగదు. ఆ తల్లి ఎట్లు ఓర్చుకొనెనో ప్రభువే యెరుగును.

ఫిలడెల్ఫియా పెద్ద రేవు పట్టణము. వీధులలో వినబడునది ఇంగ్లీషు. బాలుడు మేనమామ యింట నుండి పని నేర్చుకొనుచుండెను. అయితే ఆ పట్టణములో జర్మను లూథరన్ సంఘము ఒకటి బలముగా నుండెను. వారి సీయోను దేవాలయము ఆ కాలమున అచ్చటి గొప్ప కట్టడములలో ఒకటి. అమెరికా మొదటి అధ్యక్షుడు వాషింగ్టను 1799లో మరణించినప్పుడు ఆ దేశపు శాసనసభవారు స్మారక కూటము జరిపినది అందులోనే. ఊరు క్రొత్తదైనను, పని క్రొత్తదైనను, ఆదివారమున ఆ గుడి తలుపు దాటినప్పుడు బాలునికి వినబడిన పాట తన తల్లి పాడిన పాటయే. తల్లి లేని చోట సంఘము తల్లి పని చేసెను. ఆ సంఘపు కాపరియైన హెల్మూత్ పండితుడు మొదలైనవారు ఈ యౌవనుని కనిపెట్టిరి. అతనికి దైవసేవ యెడల ఆశ కలుగగా, వారే అతనికి వేదశాస్త్రము బోధించిరి. అతడు సౌత్‌వార్క్ అను పేటలో సంఘపు బడిలో ఉపాధ్యాయుడుగా కూడ పనిచేసెను. ఆ కొద్దిమంది పెద్దలు, ఇతడు మేనమామ కొట్టులో పనిచేయు కుఱ్ఱవాడే గదా అని ఊరకుండినయెడల ఏమగునో ఆలోచించుడి.

ఆ సంఘములో ఒక గొప్ప తగవు కూడ ఉండెను. దానిని దాచకుండ చెప్పుట మంచిది. ఏలయనగా వలసపోయిన ప్రతి జనములోను అట్టిది పుట్టును. ముందు వచ్చినవారి పిల్లలు ఇంగ్లీషులో పెరిగి, దేవాలయములో ఇంగ్లీషు ఆరాధన కావలెనని అడిగిరి. వృద్ధులు, భాష పోయినచో విశ్వాసమే పోవునని భయపడిరి. హెల్మూత్ గారు జర్మను భాషా పక్షమునకు పెద్ద. 1806లో ఇంగ్లీషువారు వేరుపడి తమకు వేరే దేవాలయము కట్టుకొనసాగిరి. అయినను తగవు ఆగక, 1816లో అది న్యాయస్థానము వరకు పోయెను. ఒకే ప్రభువు బల్లయొద్ద కూర్చున్నవారు ఒకరిమీద ఒకరు సాక్ష్యము చెప్పుకొనిరి. హయ్యర్ ఈ తగవు నడుమనే యౌవనుడాయెను.

ఈ సంగతి మన మందస, సోంపేట ప్రాంతములవారికి సులభముగా బోధపడును. ఇచ్చట ఒక వీధిలో తెలుగు, మరియొక వీధిలో ఒరియా. ఖరగ్‌పూరులో పెరిగిన మన మనుమలు తాతతో తెలుగులోను, తమలో తాము హిందీలోనో బెంగాలీలోనో మాటలాడుకొందురు. వారు సెలవులకు వచ్చి ఆరాధనలో పాటల పుస్తకము చదువలేక తలవంచుకొని కూర్చున్నప్పుడు మనలో కొందరు నవ్వుదురు. ఆ నవ్వువలన ఒక బిడ్డ గుడికి దూరమగును. తెలుగు పాటలకు తండ్రివంటి పురుషోత్తమ చౌధరిగారు మన ఈ సీమవారే. ఆయన బెంగాలీ బ్రాహ్మణ వంశమునకు చెందినవారని మరువకూడదు. 1833లో కటకములో బాప్తిస్మము పొందిన ఆయన తన పూర్వికుల భాషలో గాక ఈ నేల భాషలో పాడెను. నేటికిని మనము ఆ పాటలు పాడుచున్నాము. పరదేశపు వంశము మన భాషకు ఇంతటి ధనము ఇచ్చియుండగా, మన బిడ్డల తడబడు నాలుకను చూచి మనము ఎట్లు నవ్వగలము?

హయ్యర్ 1815లో పై చదువు నిమిత్తము మరల జర్మనీకి పోయి గొట్టింగెను విశ్వవిద్యాలయములో చదివెను. ఎనిమిదేండ్ల క్రిందట విడిచిన నేలను మరల త్రొక్కెను. వలసపోయినవారు తిరిగి వచ్చినప్పుడు అనుభవించు సంగతి మన రంగూను తాతలు చెప్పెడివారు: ఊరు అదే, తాను మాత్రము అతడు కాడు. అక్కడ నుండిపోవుటకు ఆయనకు త్రోవ లేకపోలేదు. పుట్టిన దేశము, నేర్చిన భాష, రక్తసంబంధులు అక్కడనే యుండిరి. అయినను మరుసటి సంవత్సరమే ఆయన అమెరికాకు తిరిగి వచ్చెను. మొదటిసారి తలిదండ్రులు పంపగా వచ్చెను. ఈసారి తానే కోరుకొని వచ్చెను.

1817లో సంఘ పెద్దలు ఆయనకు బోధించుటకు అధికారమిచ్చి పెన్సిల్వేనియా రాష్ట్రపు వాయవ్య మూలకు పంపిరి; 1820లో గురువుగా అభిషేకించిరి. ఆయన పోయినది పట్టణములకు కాదు. జర్మనీనుండి క్రొత్తగా వచ్చి అడవులు నరికి, దుంగలతో గుడిసెలు కట్టుకొనిన కుటుంబముల యొద్దకు పోయెను. వారికి కాపరి లేడు, బడి లేదు. పిల్లలు బాప్తిస్మము లేకయే పెరుగుచుండిరి. గుఱ్ఱమెక్కి ఊరూరు తిరుగుచు, ఆయన వారికి వారి భాషలో వాక్యము చెప్పెను; ఇంగ్లీషు మాత్రమే యెరిగిన వారి పిల్లలకు ఇంగ్లీషులో చెప్పెను. 1830లో ఆదివారపు బడుల సంఘము తరపున అనేక సంఘములు దర్శించి బడులు పెట్టించెను. 1837లో పిట్స్‌బర్గు పట్టణమునకు వెళ్లి, అచ్చట ఒక ఇంగ్లీషు సంఘమును, ఒక జర్మను సంఘమును కూడ స్థాపించెను. తన చిన్ననాడు ఒక భాషకొరకు సంఘము రెండుగా చీలుట చూచిన మనుష్యుడు, పెద్దవాడై, రెండు భాషలవారికిని కాపరియాయెను. ఇంతకంటె మంచి జవాబు ఆ తగవునకు ఎవరు చెప్పగలిగిరి?

ఆయన జీవితములో నీడ లేదని మేము చెప్పము. 1819లో మేరీ అను విధవరాలిని వివాహమాడెను. వారికి పిల్లలు కలిగిరి. ఆయన ఎల్లప్పుడు ప్రయాణములోనే యుండగా ఇల్లు నడుపు భారము ఆ తల్లి మోసెను. 1839లో ఆమె మరణించెను. చిన్ననాడు తలిదండ్రులకు దూరమైన వాడు, తన పిల్లలకు తానే దూరముగా నుండెను. దైవసేవకుల యిండ్లలోను, వలసకూలీల యిండ్లలోను ఇట్టి దుఃఖము నేటికిని ఉన్నది. దానిని పొగడ్తలతో కప్పిపెట్టుట న్యాయము కాదు. అట్టి యిండ్లను సంఘము కనిపెట్టి ఆదరించుటయే న్యాయము.

తరువాతి కథ మనకు దగ్గరది. అమెరికా లూథరన్ సంఘములు అన్యదేశములలో సువార్త ప్రకటించుటకు తలపెట్టి, మొదటి మిషనరీగా హయ్యర్ అయ్యగారిని ఎన్నుకొనిరి. 1841 అక్టోబరులో ఆయన బోస్టను రేవున ఓడ యెక్కి, 1842 జూలై 31న గుంటూరు చేరెను. అప్పటికి ఆయనకు నలువదితొమ్మిదేండ్లు నిండియుండెను. కలెక్టరుగా నుండిన హెన్రీ స్టోక్సు దొరగారు ఆయనను చేర్చుకొని సహాయము చేసిరి. జర్మను తల్లిభాషగా, ఇంగ్లీషు పెంపుడు భాషగా గల ఆ మనుష్యుడు, తల నెరయుచున్న వయస్సులో పలక పట్టిన పిల్లవానివలె తెలుగు నేర్చుకొన నారంభించెను. బడులు పెట్టెను, ఆడపిల్లలకు కూడ చదువు చెప్పించెను. 1846లో ఆరోగ్యము చెడి అమెరికాకు పోయినప్పుడు ఊరకుండక, బాల్టిమోరులో వైద్యశాస్త్రము చదివి పట్టము పొంది, 1848లో మరల గుంటూరునకు వచ్చెను. పల్నాటిలోని గురజాలయందు పనిచేసెను. ఉత్తర జర్మనీ మిషనువారి చేతిలోనున్న రాజమహేంద్రవరపు పని 1850 ప్రాంతమున అమెరికావారికి అప్పగింపబడగా అక్కడను సేవచేసెను.

1857లో అరువదినాలుగేండ్ల వృద్ధుడై తిరిగిపోయినప్పుడు విశ్రాంతి తీసికొనుటకు ఆయనకు న్యాయమే. అయితే ఆయన మిన్నెసోటా అను దూరపు ప్రాంతమునకు పోయెను. ఏలయనగా అక్కడ జర్మనీనుండి క్రొత్తగా వచ్చినవారు కాపరి లేక యుండిరి. 1860లో ఆ ప్రాంతపు సంఘములు ఒక సినడుగా కూడుకొన్నప్పుడు ఆయనయే దానికి మొదటి అధ్యక్షుడాయెను. 1807లో ఓడ దిగిన బాలుడు, అర్ధ శతాబ్దమైన పిమ్మట కూడ, క్రొత్తగా వచ్చినవారి కొరకు వెదకుచునే యుండెను.

1869లో ఆయన జర్మనీలో నుండగా, రాజమహేంద్రవరపు మిషనును వేరొక సంఘమువారికి అప్పగింప బోవుచున్నారను వార్త తెలిసెను. వెంటనే బయలుదేరి అమెరికా చేరి, సినడు సభవారి యెదుట నిలిచి, ఆ పని విడువవద్దని బ్రతిమాలి, పోవువారు లేనియెడల తానే పోవుదునని చెప్పెను. ఆయనకు డెబ్బదియారేండ్లు. సభవారు లోబడిరి. ఆ సంవత్సరము డిసెంబరులో ఆయన మూడవమారు తెలుగు నేలమీద నిలిచెను. తన పని అందుకొనుటకు పడుచువారు వచ్చువరకు నిలిచి, 1871లో తిరిగిపోయి, 1873 నవంబరు 7న ఫిలడెల్ఫియాలో ప్రభువునందు నిద్రించెను. బాలుడుగా ఓడ దిగిన పట్టణమందే ఆయన ప్రయాణము ముగిసెను. ఆయన దేహమును పెన్సిల్వేనియా కొండ ప్రాంతములో, ముప్పదినాలుగేండ్ల క్రిందట మరణించిన భార్య ప్రక్కన సమాధిచేసిరి. గుంటూరు చేరిన జూలై 31వ తేదీని ఆంధ్ర లూథరన్ సంఘములు జ్ఞాపకము చేసికొనుచున్నవి.

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, ఈ జీవితమును వాక్యపు వెలుగులో చూడుడి. యోసేపు పదునేడేండ్ల ప్రాయమున ఐగుప్తునకు అమ్మబడెను (ఆది. 37). నయమాను భార్యయొద్ద నుండిన చిన్నది పేరైనను లేని పరదేశపు దాసి; అయినను ఆ యింటికి స్వస్థత త్రోవ చూపినది ఆమెయే (2 రాజులు 5). మోషే తన కుమారునికి పరదేశి అను అర్థమిచ్చు పేరు పెట్టెను (నిర్గమ. 2). మన ప్రభువైన యేసు పసిబిడ్డగా తల్లి చంకనెక్కి ఐగుప్తునకు పారిపోయెను (మత్తయి 2). పరదేశమున పెరిగిన బిడ్డను దేవుడు మరువలేదు. అనేక పర్యాయములు అట్టివానినే తన పనికి ఏర్పరచుకొనెను. ఐగుప్తులో పరదేశులై యుండినవారు పరదేశిని ప్రేమింపవలెనని ద్వితీయోపదేశకాండము బోధించుచున్నది. బాధను ఎరిగినవాడు బాధలోనున్నవానిని గుర్తుపట్టును. హయ్యర్ అయ్యగారు జీవితమంతయు చేసినది ఇదియే.

కాబట్టి మన సంఘములకు నాలుగు మాటలు చెప్పి ముగింతుము.

మొదటిది, మన బిడ్డ రైలెక్కకముందు వాక్యము నేర్చుకొనెనా? టిక్కెట్టుకు డబ్బు కూర్చునట్టి తలిదండ్రులు, ఆత్మకు కూడ దారి బత్తెము కూర్చవలెను. చేతనైనంత వాక్యము కంఠస్థము చేయించుడి. దొంగ దానిని సంచిలోనుండి ఎత్తుకొనిపోలేడు.

రెండవది, పోవువాని చేతికి సంఘము నుండి ఒక ఉత్తరము వ్రాసి యిచ్చుడి. ఖరగ్‌పూరులో తెలుగు సంఘములు కలవు, విశాఖలో కలవు. అతడు చేరిన ఊరి కాపరికి ముందుగానే ఫోను చేయుడి. ఫిలడెల్ఫియాలో ఆ బాలునికి ఒక గుడి తలుపు తెరచియుండెను. మన పిల్లవానికి అట్టి తలుపు చూపకుండ పంపి, తరువాత చెడిపోయెనని నిందించుట మన తప్పు.

మూడవది, వేరే భాష మాటలాడుచు తిరిగి వచ్చిన మనుమని మీ ప్రక్కను కూర్చుండబెట్టుకొనుడి. పాటలో ఒక చరణము అతనికి నేర్పుడి. అతని భాషలో ఒక ప్రార్థన అతనిచేత చేయించుడి.

నాలుగవది, మన ఊరి పొలిమేరలో ఇటుక బట్టీలకును, రోడ్డు పనులకును పరాయి రాష్ట్రములనుండి వచ్చిన కుటుంబములు ఉండవచ్చును. వారి పిల్లలు మన పిల్లలను దూరమునుండి చూచుచుందురు. వారిని ఆదివారపు బడికి పిలిచినవారు మనలో ఎందరు? వేరావలులో మన బిడ్డకు ఎవరో ఒకరు మంచినీళ్లు ఇయ్యవలెనని మనము ప్రార్థించుచున్నాము గదా. ఇక్కడ ఆ ఎవరో ఒకరు మనమే.

ప్రార్థన: పరదేశుల దేవా, మా యిండ్లనుండి దూరమునకు పోయిన బిడ్డలను పేరు పేరున నీకు అప్పగించుచున్నాము. సముద్రముమీద నున్నవారిని, పట్టణములలో పనిచేయుచున్నవారిని, క్రొత్త భాష నేర్చుకొనుచు ఒంటరిగా ఏడ్చుచున్న చిన్నవారిని కాపాడుము. వారికి ఒక సంఘమును చూపుము. మా యొద్దకు వచ్చిన పరాయివానిని చేర్చుకొను మనస్సు మాకు దయచేయుము. మేమందరము ఈ లోకమున యాత్రికులమని మరువనీయకుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.